రేవు లేని నది

ఔడ్‌వేర్ రేవు,
9 ఫిబ్రవరి 1658.

తమ్ముడు యోరిస్‌కి,

మేం బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఏడాదిన్నరగా నీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం ముక్క లేదంటే, కష్టం వచ్చి ఉండదని మీ బావ అంటున్నాడు.

నది గడ్డకట్టి మూడు వారాలైంది. జనం మంచు మీదే నడిచి అవతలికి పోతున్నారు కాబట్టి మాకు పని లేదు. మీ బావ హార్మన్ పొయ్యి పక్కన కూచుని మోకులు పేనుతున్నాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు బఠానీ సూప్ గురించి.

సంగతేమిటంటే, మన బల్లకట్టు అవతలి ఒడ్డున ఆగే చోటు ఉంది కదా, వంగిన విల్లో చెట్టు మొదట్లో, ఆ నేలంతా రెండేళ్ల కిందట హోయ్‌మాన్ అనే అమ్‌స్టర్‌డామ్ మిరియాల వర్తకుడు కొన్నాడు. తెల్ల మేడ కట్టాడు. తోటలో చెట్లని కత్తిరించి బంతుల్లా చేశాడు. పాపం చెట్లు. ఇప్పుడా దొరకి భోజనానికి కూర్చుంటే కిటికీలోంచి మన రేవు కనిపిస్తోందట. పందులూ, పాలబిందెలూ, బురద కాళ్ల జనమూ. తిన్నది ఒంటబట్టడం లేదట. రేవు తీసేయించమని కరకట్ట సభలో ఫిర్యాదు పెట్టాడు.

మన దగ్గర రివాజు నీకు తెలిసిందే. పెద్ద వరదకి ముందు నుంచి ఉన్న రేవైతే నేల ఎవరు కొన్నా దాన్ని కదపడానికి లేదు. వరద తర్వాత వేసిందైతే నేల గలవాడి ఇష్టం. వరదకి మన రేవు బల్లలు కొట్టుకుపోతే హార్మన్ మళ్లీ వేశాడు కదా, అదే మొదటిసారి వేయడం అని దొర వాదన. కాగితాలు ఊరి పెట్టెలో ఉండేవి. పెట్టె వరదలో నాని, కాగితాలు ముద్దయిపోయాయి. ఇప్పుడు రేవు వాడుకుంటున్నవాళ్ల మాట చెల్లదు, అందులో వాళ్లకి లాభం ఉంది కాబట్టి. మిగతా చూసినవాళ్లలో ఇద్దరు పోయారు, ఒకడు ఇప్పుడు దొర తోటమాలి. ముసలి వౌటర్ ఉన్నాడు గానీ, వాడు ఒక గ్లాసు బీరుకి ఏ వైపైనా సాక్ష్యం చెబుతాడని సభకి తెలుసు.

అక్కడ తప్ప అటుపక్క రెండు మైళ్ల మేర అంతా రొంపి. ఆ రేవు పోతే బల్లకట్టు పోతుంది, బల్లకట్టుతో పాటు ఈ ఇల్లూ పోతుంది. నువ్వు పుట్టి పెరిగింది ఇక్కడే కదా. హార్లెమ్‌లో నోటరీ దగ్గరికి వెళ్లి, వరదకి ముందే రేవు విల్లో దగ్గర ఉండేదని నాలుగు వాక్యాలు రాయించి పంపు. ఎక్కువ అడగడం లేదు.

అక్క,
హిల్లె.


హార్లెమ్,
27 ఫిబ్రవరి 1658.

అక్కా,

ఉత్తరం అందింది. చలికి ఇక్కడ నా చిత్రాల రంగులు సరిగా ఆరడం లేదు, నూనె చిక్కబడిపోతోంది. పని మీద పని. అందుకే ఆలస్యం.

నీ కష్టం అర్థమైంది. కానీ ప్రమాణం చేసి చెప్పడమంటే ఆలోచించాలి. నేను ఊరు వదిలి పదమూడేళ్లు దాటింది. రేవు విల్లో దగ్గరే ఉండేదా, కొంచెం కిందకా అనేది నాకంత ఖాయంగా గుర్తు లేదు. మనిషి జ్ఞాపకం సంగతి నీకు తెలుసు కదా. సభతో గొడవ ఎందుకు? హోయ్‌మాన్ చెడ్డవాడేం కాదు. ఆయన భోజనశాలకి ఉత్తరం వైపు వెలుతురు ఒక్కటే వస్తుంది, ఆ ఒక్క కిటికీ ఆయనకి ముఖ్యం. మంచిగా మాట్లాడితే ఇంకెక్కడైనా చోటు చూపించవచ్చు.

మీ ఇద్దరూ హార్లెమ్ వచ్చేస్తే ఇక్కడ బట్టలు చలువ చేసే మైదానాల్లో పని దొరుకుతుంది. బావకి నచ్చకపోవచ్చు. అయినా ఒక మాట అడిగి చూడు.

యోరిస్.


ఔడ్‌వేర్ రేవు,
20 మార్చి 1658.

యోరిస్‌కి,

నీ మాట బావని అడిగాను. "ఊహుఁ" అన్నాడు. మళ్లీ అడగను.

మొన్న మంగళవారం సభ జరిగింది. కరకట్ట పెద్ద ఎవెర్ట్, అటూ ఇటూ ముగ్గురేసి సభ్యులు, మధ్యలో కుంపటి. హోయ్‌మాన్ దొర వచ్చాడు, వెనక ఇద్దరు మనుషులు దుప్పటి చుట్టిన బల్లలాంటిదేదో మోసుకొచ్చారు. నా సాక్షి ఇదీ అని దొర దుప్పటి లాగాడు.

నువ్వు వేసిన పటం.

ఎప్పుడూ చూడలేదు కాబట్టి దగ్గరికెళ్లి చూశాను. మన నదే. విల్లో చెట్టుంది, ఆ ముడితో సహా. చర్చి గోపురం ఉంది, కాకపోతే ఎడమవైపు ఉండాల్సింది కుడివైపుంది. నీళ్లు, ఆకాశం, దూరంగా రెండు ఆవులు. ఒక్క మనిషి లేడు. రేవు లేదు. రేవు ఉండాల్సిన చోట నున్నగా నీళ్లు, నీళ్లలో విల్లో నీడ. కింద మూలన నీ పేరు, 1647 అని సంవత్సరం, పక్కన "ఉన్నది ఉన్నట్టు చూసి వేసినది" అని నీ చేతిరాత.

"చూడండి, వరదకి నాలుగేళ్ల ముందు," అన్నాడు దొర. "వేసింది ఎవరో కాదు, పాత బల్లకట్టువాడి కన్నకొడుకు. రేవు ఉంటే సొంత తండ్రి రేవుని వదిలేస్తాడా?"

ఎవెర్ట్ నాకేసి చూశాడు. తీర్పు మే నెలకి వాయిదా వేశారు, అంతవరకు పటం సభలోనే ఉంటుంది.

బయటికొచ్చాక వౌటర్, "ఏమ్మా హిల్లె, నీ తమ్ముడికి కళ్లు కనిపించవా?" అన్నాడు. నేను ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. ఆ దొర భోజనశాలకి ఏ వైపు వెలుతురొస్తుందో నీకెలా తెలుసు? ఆయన వంటమనిషిని అడిగితే చెప్పింది. నాలుగు ఋతువుల పటాలు నాలుగు గోడలకి నువ్వే వేస్తున్నావట. కిందటి శరదృతువులో కొలతలు తీసుకోవడానికి వచ్చి రెండు రోజులు ఆ మేడలో ఉన్నావట. హెరింగ్ చేపలు తిన్నావట. అక్కడ్నుంచి మన ఇల్లు ఎంత దూరం యోరిస్? నది అడ్డం తప్ప ఏముంది? కేకేస్తే బల్లకట్టు తెచ్చేదాన్ని కదా.

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ల గురించి విన్నాను. బల్లకట్టువాడి ఇంట్లోనే పుడతారని అనుకోలేదు.

హిల్లె.


హార్లెమ్,
2 ఏప్రిల్ 1658.

అక్కా,

కోపంలో రాశావు. కోపం తగ్గాక చదువుతావని ఇది రాస్తున్నాను.

మా పని ఎలా ఉంటుందో నీకు తెలియదు. బయట కూర్చుని బొగ్గుతో గీతలు గీసుకుంటాం. తర్వాత ఇంటికొచ్చి, తలుపేసుకుని, గదిలో పటం వేస్తాం. గదిలో నది ఉండదు కదా. ఆకాశం చాలకపోతే గోపురం జరుపుతాం. చెట్టు బరువైతే తీసేస్తాం. ఈ ఊళ్లో అందరూ ఇదే చేస్తారు, నేనొక్కణ్ణే కాదు. లేడెన్ చర్చిని డెల్ఫ్ట్ కాలవ ఒడ్డున పెట్టి అమ్మినవాడు మా సంఘానికి పెద్దగా ఉన్నాడు. "ఉన్నది ఉన్నట్టు" అని అందరూ రాస్తారు. కొనేవాడికి ఆ మాట ఇష్టం. పటంలోది పటానికే నిజం. దళారీ దగ్గర కొన్న పటాన్ని తెచ్చి కరకట్ట సభలో సాక్ష్యం చెప్పించడం హోయ్‌మాన్ చేసిన పొరపాటు, నాది కాదు.

ఇప్పుడు నేను వచ్చి "అది అబద్ధం" అని ప్రమాణం చేస్తే ఏమవుతుందో ఆలోచించు. నాలుగు పటాలూ పోతాయి. అంతటితో ఆగదు. యోరిస్ ఉన్నది ఉన్నట్టు వేయడని నోటరీ ముద్రతో కాగితం ఒకటి ఊరంతా తిరుగుతుంది. మిగతావాళ్లూ అదే చేస్తారు గానీ, వాళ్ల కాగితం తిరగదు. నలభై దగ్గరపడ్డాక మళ్లీ మొదలెట్టడం నావల్ల కాదు.

మీ ఇంటికి రాకపోవడం తప్పే. ఒప్పుకుంటున్నాను. ఆ రెండు రోజులూ కిటికీలోంచి బావ మోకు లాగడం చూశాను. వెళ్దామనుకున్నాను. దొర పక్కనే ఉన్నాడు.

యోరిస్.


ఔడ్‌వేర్ రేవు,
11 ఏప్రిల్ 1658.

యోరిస్‌కి,

కోపం తగ్గాకే చదివాను.

నీకు చెప్పని విషయం ఒకటుంది. చెప్పి లాభమేమిటని ఇన్నేళ్లూ ఊరుకున్నాను.

ఆ వేసవి నువ్వు సెలవుకి వచ్చి నాన్నని రేవు బల్లల మీద గెడతో నిలబెట్టి ఒక పూటంతా గీశావు. గుర్తుందా? కదలొద్దన్నావని నాన్న అవతలి నుంచి పాలవాళ్లు కేకేస్తున్నా కదల్లేదు. "అరవనీండి. ఇవాళ నేను పటాన్ని" అన్నాడు. మరుసటి ఏడు ఆ పటం హార్లెమ్ చిత్రకారుల సంఘం హాల్లో పెట్టారని పడవల వాళ్లెవరో చెప్పారు. ఇక చూడాలి ఆయన్ని. బల్లకట్టు ఎక్కిన ప్రతివాడికీ అదే కథ. "మావాడు నన్ను హార్లెమ్‌లో వేలాడదీశాడు" అని తనే నవ్వేవాడు. చివరికి పండగ చొక్కా వేసుకుని, అమ్‌స్టర్‌డామ్ వరకు ఒక పడవ, అక్కడ్నుంచి ఇంకో పడవ ఎక్కి వెళ్లాడు. ఇంకొకడి పడవలో బాడుగ ఇచ్చి కూర్చోవడం నాన్న జన్మలో అదొక్కసారే.

మూడో రోజు తిరిగొచ్చాడు. ఎలా ఉందని అడిగాను. "అబ్బాయి నీళ్లు బాగా వేశాడు" అన్నాడు. చొక్కా మడిచి పెట్టెలో పెట్టాడు. బల్లకట్టు మీద ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే తాడు లాగండి అనేవాడు.

మార్చిలో పటం చూసేదాకా నాకూ అర్థం కాలేదు.

తీర్పు మే 7న.

హిల్లె.


హార్లెమ్,
24 ఏప్రిల్ 1658.

అక్కా,

నాన్న వచ్చాడని నాకు తెలుసు.

ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను. మెట్ల మీద పటాల దళారీ లాంబెర్ట్‌తోనూ, కొనడానికొచ్చిన ఇద్దరు పెద్దమనుషులతోనూ మాట్లాడుతున్నాను. కిందకి చూస్తే నాన్న నా పటం ముందు నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. చెక్కబూట్లకి బురద. పటానికి దగ్గరగా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ దగ్గరగా వెళ్లాడు. పక్క పటం చూశాడు, పొరపాటున దాంట్లో ఉన్నాడేమోనని. నేను మెట్లు దిగలేదు. అంతే. దానికి కారణం రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. సిగ్గుపడ్డాను. ఇక్కడ నన్ను బల్లకట్టు యోరిస్ అని వెక్కిరించేవాళ్లు, దాన్నుంచి బయటపడడానికే నాలుగేళ్లు పట్టింది. ఇంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

ఇప్పుడు విను. నేను రేవు వేయకుండా వదిలేయలేదు. వేశాను. బల్లలు, మోకు కట్టే గుంజ, నాన్న, అన్నీ వేశాను. పూర్తయి ఆరిన తర్వాత లాంబెర్ట్ వచ్చి చూసి, "ఆ ముసలాణ్ణి తీసేయ్, రేవు తీసేయ్. జనం ఊరి గోల మర్చిపోవడానికి పటం కొంటారు, గోడ మీద ఇంకో గోల ఎందుకు?" అన్నాడు. వాటి మీద నది నీళ్ల రంగు ఒక పూత వేశాను. కాబట్టి కింద ఉన్నవి ఇంకా కిందే ఉన్నాయి.

నోటరీ కాగితం దీంతో జతచేశాను. పైన నీళ్ల పూత వేసింది నేనే, కింద రేవు ఉంది, అది కళ్లతో చూసి వేసిందే అని ప్రమాణం చేశాను. హోయ్‌మాన్‌కి విడిగా రాశాను, నాలుగు పటాలూ వదులుకుంటున్నానని. కానీ కాగితం ఒక్కటే చూపిస్తే, అక్క కోసం తమ్ముడు అబద్ధమాడాడంటారు. పటం చేతే చెప్పించాలి. నేను రాలేను. ఆ పటం ముందు హోయ్‌మాన్ పక్కన నిలబడి మాట్లాడే ధైర్యం నాకు లేదు, ఉన్న కాస్తా నోటరీ దగ్గర ఖర్చయిపోయింది.

బట్టలుతికే బూడిద నీళ్లు తీసుకో, చిక్కవి కాదు, రెండోసారి వడకట్టినవి. పాత నార గుడ్డ. విల్లో మొదలు నుంచి కుడివైపు మూడు వేళ్ల వెడల్పున మెల్లిగా తుడువు. ముందు రంగు జిగురు కడుతుంది, భయపడకు. బల్లలు కనబడగానే ఆపి మంచినీళ్లతో కడిగెయ్. బల్లలూ గుంజా దళసరిగా వేశాను, అవి ఆగుతాయి. బల్లలు దాటి పైకి మాత్రం వెళ్లకు. పైన నాన్న ఉన్నాడు. ఆయన్ని ఒకే పల్చటి పూతలో వేశాను, బూడిద నీళ్లకి ఆగడు. కేసుకి బల్లలు చాలు.

యోరిస్.


ఔడ్‌వేర్ రేవు,
8 మే 1658.

తమ్ముడికి,

రేవు నిలిచింది. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

ఎవెర్ట్ నీ కాగితం చదివించాడు. నువ్వు చెప్పినట్టే హోయ్‌మాన్ దొర, "అక్కాతమ్ముళ్ల నాటకం" అన్నాడు. అయితే పటాన్నే అడుగుదాం అని నేను బూడిద నీళ్ల ముంత బల్ల మీద పెట్టాను. దొర లేచి నిలబడ్డాడు. "ముట్టుకుంటే ఊరుకోను! అది నా సొత్తు!" అని అరిచాడు.

ఎవెర్ట్ తాపీగా గొట్టంలో పొగాకు కూరుకుంటున్నాడు. "మీ సొత్తేనండి. కానీ సాక్షి అని తెచ్చింది కూడా మీరే కదా. సాక్షిని ప్రశ్నించడానికి తెస్తారు గానీ ఊరికే గోడకి ఆనించడానికి తెస్తారా? వద్దంటే ఇంటికి పట్టుకుపోండి, మీకు సాక్షి లేడని రాసుకుంటాం" అన్నాడు.

దొర సరే కానివ్వండని మళ్లీ కూర్చున్నాడు. కింద ఏమీ ఉండదనుకున్నాడు, నాకు తెలుసు. నిజం చెప్పాలంటే నేనూ సగం అలాగే అనుకున్నాను. మన్నించు.

తుడిచాను. మొదట నీళ్లన్నీ మురికిగా కరిగి కారాయి. ఆ నున్నటి నీళ్లు, విల్లో నీడ, అంతా. పాడుచేశానేమో అనుకున్నాను. అప్పుడొక గోధుమరంగు గీత వచ్చింది. తర్వాత ఇంకోటి. బల్లలు, యోరిస్. మూడో బల్ల చివర విరిగిన ముక్క కూడా వేశావు. తర్వాత గుంజ, గుంజకి మోకు. వౌటర్ వెనకనుంచి ముందుకు తోసుకొచ్చి, "అదిగో ఆ గుంజకే నా పందిని కట్టేవాణ్ణి! అదే గుంజ!" అని కేకలు పెట్టాడు. ఈసారి బీరు తాగకుండానే నిజం చెప్పాడు. సభంతా నవ్వింది. హోయ్‌మాన్ కూడా దగ్గరికొచ్చి చూశాడు, వంగి, ముక్కు ఆనేంతగా.

రేవు వరదకి ముందుదేనని, దాన్ని కదపడానికి లేదని రాశారు. దొర కావాలంటే కిటికీకి తెర వేసుకోవచ్చని ఎవెర్ట్ చెప్పాడు. అది రాయలేదు గానీ అందరూ విన్నారు.

దొర పటం వద్దని వదిలి వెళ్లిపోయాడు. గుమాస్తా ఎక్కడ పెట్టాలో తెలియక మాకే ఇచ్చాడు. హార్మన్ దాన్ని బల్లకట్టు మీద నిలబెట్టి, తడవకుండా కోటు కప్పి తెచ్చాడు. దారిలో ఐదు మాటలు మాట్లాడాడు.

నీ నాలుగు పటాలు పోయినందుకు నాకు బాధగానే ఉంది. ఆ మాట ముందే రాయాల్సింది. మిగతా సంగతులు ఇంకోసారి.

హిల్లె.


హార్లెమ్,
15 మే 1658.

అక్కా,

చాలా సంతోషం. నిజంగా.

ఇక్కడ వార్త పాకింది. అనుకున్నంత ఘోరమేం జరగలేదు. ఇద్దరు నవ్వారు, ఒకడు నా దగ్గర కొన్న పటం వెనక్కి పంపాడు. లాంబెర్ట్ నన్ను చూసి పక్క వీధిలోంచి పోయాడు.

ఒక్కటి అడగాలి. బల్లల గురించి రాశావు, గుంజ గురించి, మోకు గురించి, వౌటర్ పంది గురించి రాశావు. నాన్న గురించి రాయలేదు. నువ్వు పైకి వెళ్లలేదు కదా? ఆ వేసవి గీసుకున్న బొగ్గు గీతల పుస్తకం అప్పుడే లాంబెర్ట్‌కి ఇచ్చేశాను, అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నాన్న మొహం ఈ భూమ్మీద ఉన్నది ఆ నీళ్ల కింద ఒక్కచోటే. జూన్‌లో వస్తాను. నా దగ్గర సన్నటి కత్తి ఉంది, చేయి ఇంకా బాగానే ఉంది. వారం పట్టినా సరే, పై పూత ఒక్కటే గీకి ఆయన్ని బయటికి తీస్తాను. అంతవరకు ఎవరినీ ముట్టుకోనివ్వకు.

యోరిస్.


ఔడ్‌వేర్ రేవు,
21 మే 1658.

తమ్ముడూ,

రా. జూన్‌లోనే రా. కానీ కత్తి తేవద్దు.

బల్లలు కనబడగానే ఎవెర్ట్ "చాలమ్మా" అన్నాడు. అందరూ బల్లలు చూస్తున్నారు. నా చేతిలో గుడ్డ తడిగానే ఉంది. నువ్వు వద్దని రాసింది గుర్తుంది. మరిచిపోయానని చెప్పుకోను. ఒక్కసారి అనుకున్నాను. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది కదా, ఒక్కసారి.

ముందు చెక్కబూట్లు వచ్చాయి. తర్వాత గెడ, గెడ మీద చెయ్యి. తర్వాత మొహం. అంతా బాగా వేశావు యోరిస్. ఎండకి కళ్లు చికిలించి నవ్వుతున్నాడు, బొమ్మ గీస్తున్న నీకేసి చూసి. మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఉన్నాడు. తర్వాత గుడ్డతో పాటు జారిపోయాడు. ఇప్పుడక్కడ పలక కనిపిస్తోంది, వట్టి చెక్క.

ఎవరూ గమనించలేదు. హార్మన్‌కి కూడా చెప్పలేదు. నీకూ చెప్పకూడదనే మొదట అనుకున్నాను.

గుడ్డ నా దగ్గరే ఉంది. ఉతకలేదు.

అక్క.